అడ్డాకుల సంచితో జగదల్‌పూర్ దాకా

"ఇగ నన్ను పిలవకు వదినా."

"పిలవను, పో."

కుంట బస్టాండులో ఖాళీ గోనెసంచి మధ్యలో పడేసుకుని నేనూ మా ఆడబిడ్డ జోగమ్మా అనుకున్న ఆఖరి మాటలు ఇవే. ఆ తరువాత ఇద్దరం ఒకే జీపు ఎక్కాం, ఒకే ఊళ్ళో దిగాం, పక్కపక్క ఇళ్ళల్లోకి పోయాం. మధ్యలో వెదురు దడి ఒక్కటే. దాని కింది నుంచి వాళ్ళ కోళ్ళు మా వాకిట్లోకి వస్తాయి, మా కోళ్ళు వాళ్ళ వాకిట్లోకి పోతాయి. మాట మాత్రం ఇటు నుంచి అటు దాటడం లేదు.

నాకు సంతకం పెట్టడం వచ్చు. అంతకు మించి అక్షరం రాదు. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది జోగమ్మ కూతురు సునీత. ఇక్కడ బస్తర్ బడుల్లో హిందీయే కదా, ఈ పిల్ల భద్రాచలంలో హాస్టల్లో ఉండి తెలుగు చదువుకుంది. నా మాటను సాపు చేసి పుస్తకంలో ఉన్నట్టు రాస్తానంది. చేసుకో, కానీ ఒక్క సంగతి కూడా వదలొద్దు అన్నాను. మా సంఘంలో మిగతా ఆడవాళ్ళు జగదల్‌పూర్ చూడలేదు. రేపు వాళ్ళూ వెళ్ళాల్సి రావచ్చు. దారి ఎలాంటిది, అక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు, ఏం అడుగుతారు, ముందే తెలిస్తే మంచిది.

వెళ్ళిన పని చెబుతాను. మా మరైగూడ అడవిలో అడ్డతీగ బాగా అల్లుకుంటుంది. ఆ ఆకుతో విస్తర్లు, దొప్పలు కుట్టి సంతలో అమ్ముతాం. ఒక వారం అన్నీ పోతాయి, ఒక వారం మోసుకెళ్ళిన కట్టను అలాగే మోసుకొస్తాం. సర్కారు మీటింగులకు, ఆశ్రమ బడుల్లో వేడుకలకు మాత్రం ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ పొర అంటించిన కాగితం పళ్ళేలే వచ్చేవి. తిని పారేస్తే బడి వెనక గుట్ట పడి ఉండేవి. మేకలు నమిలేవి. కాలిస్తే ఊరంతా కంపు.

ఈ ఏడాది ఆడవాళ్ళ సంఘాల పని చూసే దీదీ వచ్చి కొత్త మాట చెప్పింది. సర్కారు ఇకమీద ఏది చవక అని ఒక్కటే చూడదట. దగ్గర్లో తయారయ్యేది, మట్టిలో కలిసేది, అడవిని పాడుచేయనిది చూసి కొంటుందట. జగదల్‌పూర్‌లో కొనే ఆఫీసర్లూ తయారుచేసే ఆడవాళ్ళూ ఒకచోట కలుస్తారు, మీ సరుకు పట్టుకుని రండి అంది. వాళ్ళకు నచ్చితే కుంట వైపు బడులన్నిటికీ ఏడాది పొడుగునా మా సంఘమే ఆకులు ఇవ్వచ్చు. సంతలో ఎండలో కూర్చునే పని తప్పుతుంది.

ఎవరు పోవాలంటే అందరూ నన్నూ జోగమ్మనూ చూశారు. నాకు నోరుంది, జోగమ్మకు చెయ్యి ఉంది. ఆమె కుట్టినంత గట్టిగా దొప్ప కుట్టేవాళ్ళు మా చుట్టుపక్కల లేరు.

ఇంకో సంగతి కూడా రాయి సునీతా. మా ఆయన చనిపోయిన ఏడాది నేను గుమ్మం దాటలేదు. జోగమ్మకు ఆయన తోడబుట్టిన అన్న. వచ్చి నన్ను పట్టుకుని ఏడవలేదు, ఓదార్చలేదు. ఆకుల కట్ట తెచ్చి నా ముందు పడేసి, "కుట్టు వదినా, చేతులు ఊకే ఉంటే పాడైతయ్" అంది. రోజూ వచ్చేది, రోజూ అదే మాట. నేను మళ్ళీ మనుషుల్లో పడింది అట్లా.

కుంట

ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారుతూనే ఆడవాళ్ళంతా చెట్ల కింద ఉంటారు గనుక మమ్మల్ని సాగనంపడానికి ఎవరూ లేరు. మేలైన సరుకంతా ఏరి గోనెసంచిలో పేర్చాం. అడుగున దొప్పలు, పైన విస్తర్లు. ఆ సంచి జోగమ్మది. ఆమె దాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, జీపులోనూ అంతే, బస్సులోనూ అంతే.

కుంటలో శబరి నది దాటితే ఆంధ్రా. అందుకే అక్కడి టిఫిన్ బళ్ళ మీద అంతా మన మాటే. ప్లేటు ఇడ్లీ ఇరవై రూపాయలు. బండివాడు స్టీలు పళ్ళెంలో ప్లాస్టిక్ కాగితం పరిచి దాని మీద వేడి ఇడ్లీ పెట్టబోయాడు. జోగమ్మ సంచిలోంచి చిన్న విస్తరి తీసి చాపింది.

"ఇందులో పెట్టు. ఆకు మాది గదా, ధర తగ్గించు."

"ధర తగ్గదు గానీ చట్నీ ఎక్కువేస్త అమ్మా."

"నీకు పళ్ళెం కడిగే పని తప్పింది, దానికి?"

"దానికి ఇంకో గరిటె చట్నీ."

అలా ఒకటి ఖర్చయింది. ఒక్కటేగా అనుకున్నాం.

దోర్నపాల్ దాటాక

దోర్నపాల్ దాటి కొంత దూరం పోయాక బస్సు కింద ఏదో పెద్ద చప్పుడైంది. డ్రైవరు దిగి, వంగి చూసి, ఏమీ చెప్పకుండా బీడీ ముట్టించాడు. అది చూసి అందరికీ తెలిసిపోయింది, ఇప్పట్లో కదలదని. ఇంకో బస్సులో సామాను రావాలట. దిగి చెట్ల నీడకు చేరాం.

మాతోపాటు దిగినవాళ్ళలో ఒక కుటుంబం భద్రాచలం రాముడికి మొక్కు తీర్చుకుని తిరిగి వస్తోంది. ఇంటావిడ పేరు పారమ్మ. విజయనగరం వైపు మనుషులు. భర్తకు రైల్లో పని, జగదల్‌పూర్‌లో రైల్వే క్వార్టర్సులో ఉంటారు. వాళ్ళ దగ్గర పెద్ద గిన్నె నిండా పులిహోర ఉంది. దారిలో తిందామని కట్టించుకున్నారు, పెట్టుకోవడానికి మాత్రం ఏమీ తెచ్చుకోలేదు. ఎండ నడినెత్తిన ఉంది. పారమ్మ మా సంచి వైపు చూసింది.

"అక్కా, ఆ సంచిలోవి ఆకులేటి?"

"ఏటి ఏందమ్మా, ఏంది అనాలి" అన్నాను నవ్వుతూ.

"మాకు ఏటేనక్కా. మీ ఏంది మాకు రాదు. నాలుగు ఆకులిస్తారేటి? డబ్బులిచ్చేస్తాను."

నేను జోగమ్మ మొహం చూశాను. ఆమె అప్పటికే సంచి మూతి విప్పుతోంది. మా వైపు అన్నం ముందు కూర్చున్న మనిషి ఆకు అడిగితే లేదనం. అమ్మం కూడా. సంతలో అమ్ముకునే ఆకు వేరు, అన్నం ముందు ఇచ్చే ఆకు వేరు. ఇది ఎవరూ నేర్పిన సంగతి కాదు, అలా జరిగిపోతూ వచ్చింది.

నాలుగు ఆకులు ఇచ్చాం. పారమ్మ గిన్నె పెద్దది కదా, వాళ్ళు తింటూ డ్రైవర్ని పిలిచారు. అతనికో ఆకు. కండక్టరుకో ఆకు. గోండు ముసలాయన ఒకాయన కర్ర ఆనించుకుని దూరంగా కూర్చుంటే ఆయనకూ ఇచ్చాం. సెలవు మీద ఇంటికి పోతున్న జవాను ఒకడు తన దగ్గరున్న బిస్కెట్లు తెచ్చి అందరికీ పంచి, తనూ ఒక ఆకు అందుకున్నాడు. పులిహోర అయిపోయాక ఎవరో అటుకులు తీశారు, ఇంకెవరో మామిడికాయ కోశారు. పచ్చడికి దొప్ప అడిగారు. తిన్నాక ఆకులన్నీ ఒకచోట వేస్తే ఎక్కడినుంచో రెండు ఆవులు వచ్చి తినేసి, ఇంకా ఉన్నాయా అన్నట్టు నిలబడ్డాయి.

బస్సు కదిలాక జోగమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. అటు ఇటు కెలికింది. తీసి చూస్తే అడుగున ఒత్తుకుపోయిన దొప్పలు కొన్ని, పగిలిన విస్తర్లు రెండు.

"వదినా, మనం దేనికి పోతున్నం?"

"ఆకులు చూపియ్యనీకి."

"ఏవి ఆకులు?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయాం. ముందు సీట్లోంచి పారమ్మ తిరిగి సంగతేమిటని అడిగింది. చెప్పాం. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అయ్యో, మా పొట్టల్లోకి పోయిందేటి మీ సరుకు! ఇంక మీరు ఎక్కడికీ ఎల్లకండి. మా ఇంటికాడే పడుకోండి. రేపు ఏటి సెయ్యాలో సూద్దాం."

దర్భా ఘాట్

సుక్మాలో టీ తాగాం. మా వైపు టీలో బెల్లం వేస్తే వింతగా చూస్తారు, అక్కడ అల్లం వేయకపోతే వింతగా చూస్తారు. తొంగ్‌పాల్ దాటాక అడవి మారిపోయింది. మా దగ్గర టేకు, ఇప్ప, మద్ది కలిసి ఉంటాయి. దర్భా ఘాట్ మీద పెద్ద పెద్ద సాల్ చెట్లు, వాటికి అప్పుడే వచ్చిన లేతాకు. ఎండలో కూడా కళ్ళకు చల్లగా ఉంది. మలుపులకు జోగమ్మకు కడుపులో తిప్పింది. కిటికీలోంచి తల బయటపెట్టి, అంత బాధలోనూ ఆకులే చూస్తోంది.

"ఇక్కడోళ్ళు లేతాకు కోస్తరా వదినా?"

"ఏమో. మనమైతే ముట్టం."

చదివేవాళ్ళకు ఇది చెప్పాలి. మా ఊళ్ళో అడ్డతీగకు మొదటి వానలతో కొత్త చిగురు వస్తుంది. పెద్దలు దాన్ని అమ్మవారికి పెట్టి పండుగ చేసేదాకా ఊళ్ళో ఎవరూ ఆ ఆకు మీద చెయ్యి వేయరు. ఎవరైనా తెంపితే ఊరంతా కూర్చుని తప్పు పెడుతుంది. నాలుగు వానలు పడి ఆకు ముదిరాకే మాకు పండుగ. అప్పటిదాకా కొత్తాకుతో విస్తరి కుట్టం. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళూ పెట్టుకోం.

రైల్వే క్వార్టర్సు

పారమ్మ ఇల్లు చిన్నది, మనసు పెద్దది. చేపల పులుసు పెట్టింది. మా కంటే పులుపు తక్కువ, కారం ఎక్కువ. స్టీలు కంచాల్లో వడ్డించి, "మీ ఆకుల్లో తిన్న రుచి దీనికి రాదక్కా" అంది. జోగమ్మ ఊరుకోకుండా, "కంచమే మేలమ్మా, కడుక్కుంటే జీవితాంతం వస్తది. ఆకు అయితే మళ్ళీ మళ్ళీ కోయాలె" అంది. ఆకులు అమ్మడానికి వచ్చి కంచం పొగుడుతోందేమిటని నేను మోచేత్తో పొడిచాను.

పారమ్మ భర్త నవ్వాడు. వాళ్ళ మాటలు వింటూ ఉంటే మాకు సరదాగా ఉంది. 'చెప్పు'ను 'సెప్పు' అంటారు, 'వెళ్ళు'ను 'ఎల్లు' అంటారు. మేం 'వస్తది' అంటే వాళ్ళ పిల్లలు కిసుక్కున నవ్వారు. వీధిలోకి పోతే హల్బీ, బడికి పోతే హిందీ, ఇంట్లో ఏటి. మాకూ అంతే. ఇంట్లో దోర్లి, సంతలో తెలుగు, ఆఫీసులో వచ్చీరాని హిందీ.

జగదల్‌పూర్ సంత

పొద్దున్నే పారమ్మ మమ్మల్ని సంతకు తీసుకెళ్ళి దించింది. మా సంత కంటే ఎన్నో రెట్లు పెద్దది. చింతపండు కుప్పలు, ఎర్రచీమల పచ్చడికి చీమలు, జీలుగు కల్లు కుండలు. జీలుగును అక్కడ సల్ఫీ అంటారు. మేం జావ అనేదాన్ని పేజ్ అంటారు. దాహానికి ఒక దొప్ప పేజ్ పది రూపాయలకు తాగాం. చల్లగా, కాస్త పులిసి బాగుంది.

ఆకులమ్మే వరసలో ఒక హల్బీ ఆడమనిషి దగ్గర మా అడ్డాకు కనిపించింది. వాళ్ళు దాన్ని సియాడి అంటారు. పక్కనే ఆమె కుట్టిన విస్తర్లు దొంతర పెట్టి ఉన్నాయి. గుండ్రంగా, నీటుగా ఉన్నాయి. నాకు ఆలోచన వచ్చింది.

"జోగీ, ఇవే కొని రేపు చూపిద్దాం. ఎవరికి తెలుస్తది?"

జోగమ్మ ఆ దొంతర పైది తీసి, వెలుగుకు పట్టి చూసి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టేసింది.

"రేపు వాళ్ళు ఇట్లాంటివే తెమ్మంటరు. అప్పుడు ఈమెను ఎత్తుకపోతవా మరైగూడకు?"

"నీ నోటికి కుట్టు వెయ్యాలె ముందు."

"నా నోరు గాదు, ఆకు కుడతా. కూసో."

ఆ హల్బీ ఆమెకు మా మాట రాదు, మాకు ఆమె మాట రాదు. జోగమ్మ ఆకు చూపించి, పుల్ల చూపించి, తన చేతులు చూపించింది. ఆమెకు అర్థమైంది. ఆకులు ఇస్తాను, నాకూ కొన్ని కుట్టిపెట్టు అని సైగ చేసింది. డబ్బు మాటే రాలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొదలుపెట్టారు. ఆమె అంచు నుంచి మధ్యకు కుడుతుంది, మేం మధ్య నుంచి అంచుకు కుడతాం. కాసేపు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఆ తరువాత ఎవరి పద్ధతి వాళ్ళదే.

నేనూ కూర్చుని కుట్టాను. నా దొప్ప చూసి ఆ హల్బీ ఆమె నవ్వింది. ఏమందో తెలియదు. జోగమ్మ మాత్రం తెలిసినట్టే తలూపింది.

ఎండ తగ్గేసరికి సంచి మళ్ళీ నిండింది. లేచేటప్పుడు ఆమె మాకు ఒక చింతపండు ఉండ ఇచ్చింది. ఆమె పేరు అడగలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, అడగాల్సింది.

మీటింగ్ హాలు

చుట్టూ కుర్చీలు, పైన ఫ్యాన్లు, ముందు మైకు. బస్తర్ నలుమూలల నుంచి ఆడవాళ్ళు వచ్చారు. సాల్ ఆకు పళ్ళేలవాళ్ళు, వెదురు బుట్టలవాళ్ళు, మట్టి గ్లాసులవాళ్ళు. కొనే ఆఫీసర్లందరికీ పై అధికారి, నడివయసు మేడం, హిందీలో చాలాసేపు మాట్లాడింది. ముందే అక్కడికి వచ్చిన దీదీ మాకు తెలుగులో చెప్పింది. దూరం నుంచి లారీల్లో వచ్చే సరుకుకు ధర తక్కువ కనిపిస్తుందట, కానీ తిన్నాక ఆ చెత్త ఎత్తిపోసే ఖర్చు ఎవరూ లెక్కలో వేయలేదట. ఇక అదీ చూస్తారట. ఈ మాటలు చెప్పినంతసేపూ మాకు టీ ఇచ్చింది మాత్రం ప్లాస్టిక్ పొర కాగితం కప్పుల్లోనే. మేడం కూడా తన చేతిలో కప్పు చూసుకుని సిగ్గుపడ్డట్టు నవ్వింది. మట్టి గ్లాసులమ్మే ఆవిడ లేచి వెళ్ళి మేడం ముందు ఒక గ్లాసు పెట్టి వచ్చింది. హాలంతా చప్పట్లు.

మా పక్క బల్ల మీద కాగితం పళ్ళేల వ్యాపారి. వరంగల్ వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. కలుపుగోలు మనిషి. "అక్కా, ప్లాస్టిక్ పొర తీసేసి కొత్త రకం తెచ్చిన, ఇది కూడా మట్టిలో కలుస్తది" అని చూపించాడు. చేతికి బాగానే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

మేడం మా బల్ల దగ్గరికి వచ్చింది. విస్తరి తిరగేసి ఇనుప పిన్నులు ఉన్నాయేమో చూసింది. వెదురు పుల్లలు చూసి తలూపింది. తీగ నరికి తెస్తారా, ఆకు గిల్లి తెస్తారా అని అడిగింది. తీగ నరికితే వచ్చే ఏడు మేమేం గిల్లుతాం అన్నాను. అప్పుడు వేడి పప్పు తెప్పించి, నేను కుట్టిన దొప్పలో పోసింది.

కారింది. చుక్కా చుక్కా మేడం మణికట్టు మీదుగా మోచేతి దాకా పోయింది.

"ఇది మా వదిన కుట్టింది" అంది జోగమ్మ చల్లగా. "గిది నాది. గిందుల పొయ్యిండ్రి."

అందులో పోశారు. మేడం దాన్ని బల్ల మీద పెట్టి మిగతా బల్లలన్నీ తిరిగి వచ్చింది. పప్పు చల్లారింది గానీ చుక్క కారలేదు. మేడం మొహం విప్పారింది. చివరి మాటగా అడిగింది.

"బరసాత్ మే భీ దేంగే?"

వానల్లో కూడా ఇస్తారా అని. బడులు తెరిచే వేడుక, జెండా పండుగ, ఆదివాసీల పండుగ, అన్నీ వానల్లోనే వస్తాయి. ఎక్కువ ఆకులు కావాల్సింది అప్పుడేనట.

"దేంగే" అంది జోగమ్మ. ఇస్తాం.

పండుగ కాకముందు కొత్తాకు తెంపుతామని ఈమె అందరి ముందు మాట ఇచ్చేస్తోందే అనుకున్నాను.

"నహీ దేంగే" అన్నాను. "మేడం, వానలు పడ్డాక పండుగ అయ్యేదాకా మేం ఆకు తెంపం. మా ఊళ్ళో తెంపనియ్యరు. ఈమెకు తెలియక చెప్పింది."

జోగమ్మ గిర్రున నా వైపు తిరిగింది. ఆమె ఏదో అనేలోపే పక్క బల్ల వ్యాపారి నవ్వుతూ అన్నాడు:

"మీరు పండుగ చేసుకోండ్రి అక్కా. నా మిషన్‌కు పండుగలు లేవు."

మేడం ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఎవరి మాట రాసుకోవాలని అడిగింది. జోగమ్మ విస్తర్లు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. చివరికి ఆమే తేల్చింది. వానలకు ముందు తమ మనిషి మా ఊరు వస్తాడు. వానాకాలానికి సరిపడా సరుకు చూపిస్తే ఏడాది పొడుగునా ఆర్డరు మాదే. చూపించలేకపోతే మొత్తం ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది. నెలకొకరి దగ్గర కొనడం తమకు కుదరదు అంది. కోపంగా చెప్పలేదు. ఉన్న సంగతి చెప్పింది.

తిరుగు బస్సు

జోగమ్మ వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు. కండక్టరు, పోయేటప్పుడు మా ఆకులో పులిహోర తిన్న మనిషే, "ఏందమ్మా, వేరే వేరే టికెట్టా?" అని ఆటపట్టించాడు. సాల్ అడవి దాటింది, సుక్మా దాటింది. దోర్నపాల్లో బస్సు ఖాళీ అయితే నేనే లేచి వెనక్కి వెళ్ళాను.

"ఎంతసేపే ఈ మూతి?"

"అంతమంది ముందు నా మాట కొట్టేసినవ్."

"కొట్టకపోతే? పండుగ కాకముందు ఆకు తెంపితే ఊరు ఊకుంటదా?"

"తెంపుతనన్ననా నేను?"

"ఇస్తమంటే ఏందే మరి? ఆకు మబ్బుల నుంచి పడతదా?"

"ఈమెకు తెలియక చెప్పింది అన్నవ్ వదినా. నాకు తెలియక." అని కిటికీ వైపు తిరిగింది. కుంటలో దిగాక సంచి నా కాళ్ళ దగ్గర పడేసింది. ఆ తరువాతి మాటలు మొదట్లోనే చెప్పాను.

ఇల్లు

వచ్చినప్పటి నుంచి నేను రోజూ అడవికి పోయి ముదురాకు తెస్తున్నాను. సంఘంలో ఆడవాళ్ళూ తెస్తున్నారు. మా వసారా నిండిపోయింది. కానీ ఈ ఆకు ఇలాగే ఉంచితే రెండు వానలకు బూజు పట్టిపోతుంది. అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనడం లేదు. ఆ మనిషి ఏ రోజు వస్తాడో తెలియదు. సాయంత్రాలు అప్పుడే పడమట మబ్బు కడుతోంది.

ఈ రాత మొదలుపెట్టిన రోజు సునీత పక్కన కూర్చుంటే దీని జుట్టు పొగ వాసన కొట్టింది. ఈ ఎండల్లో పగలంతా పొయ్యి ఎవరు వెలిగిస్తారే అన్నాను.

"అమ్మే వెలిగిస్తంది అత్తా. అటక మీద ఆకు కట్టలు పేర్చింది. కింద పొయ్యి ఆరనిస్తలేదు. పొగ తగిలితే బూజు రాదంట, పురుగు రాదంట. కుట్టే ముందు నీళ్ళల్ల నానబెడితే మళ్ళీ మెత్తగైతదంట."

ఎవరు చెప్పారే అంటే, వాళ్ళ అమ్మమ్మ అలాగే చేసేదట. ఆమె అంటే మా అత్త. వానల్లో ఎవరైనా పోతే కర్మకాండకు ఆకు ఉండాలి కదా, అందుకని ఎండల్లోనే పొగకు పెట్టి దాచేదట. నేను కోడలిగా ఈ ఇంటికి వచ్చేసరికి మా అత్త లేదు. నాకు ఎవరు చెప్పాలి? మీటింగులో 'ఇస్తాం' అన్నప్పుడు జోగమ్మ మనసులో ఉన్నది ఈ అటక. నేను అడగలేదు. తను చెప్పలేదు.

ఒక్క అటక మీది ఆకు ఒక్క జెండా పండుగకు చాలదు. మా ఇంట్లోనూ అటక ఉంది, దాని కింద పొయ్యి ఉంది. సంఘంలో ఇంటింటికీ ఉన్నాయి. పొగ ఎంత పెట్టాలి, కట్ట ఎప్పుడు తిప్పాలి మాకు తెలియదు. నిన్న నేను ఒక కట్ట పెట్టి చూశాను. నలుపెక్కి అప్పడంలా పగిలిపోయింది. వంటింట్లోనే పడి ఉంది, సునీత చూసి నవ్వింది.

పిలవను అన్నది నేనే. అన్న మాట అన్నదే. అందుకే పిలవడం లేదు, రాయించుకుంటున్నాను.

ఇక చాలు సునీతా, కలం పక్కన పెట్టు. మొదటి నుంచి చదువు, వింటాను. నా దొప్ప కారిన సంగతి మింగెయ్యకు. నా కట్ట మాడిపోయిన సంగతి కూడా. అట్లా గోడ వైపు కాదు పిల్లా, దడి వైపు తిరిగి కూర్చో. అవతల మీ అమ్మ వెదురు పుల్లలు చీల్చే చప్పుడు ఆగింది. ఊఁ, గట్టిగా చదువు.